మాల తీసిన మరుసటి రోజు: అనంతపురం వైపు మందు మానాలనుకునేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను 2016 నుంచి తాగలేదు. అంతకు ముందు నాలుగు సార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. నాలుగు సార్లూ 41 రోజులు చుక్క ముట్టలేదు. నాలుగు సార్లూ కొండ దిగి వచ్చిన వారంలోపే మళ్లీ బాటిల్ పట్టాను. అంటే మానడం నాకు చేతనయ్యేది. మాల తీసిన మరుసటి రోజు సాయంత్రం ఆరింటికి ఎక్కడికి వెళ్లాలో, ఎవరి పక్కన కూర్చోవాలో తెలిసేది కాదు. ఆ ఆరు గంటల సమయానికి నాకు దొరికిన చోటే ఏఏ మీటింగ్.

అనంతపురం, కడప, కర్నూలు వైపు నుంచి నాతో మాట్లాడేవాళ్లు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. నేను డాక్టర్ని కాదు. మీటింగ్‌లో ఇంకొకరు చెప్పుకున్నది బయట చెప్పకూడదన్నది మా కట్టుబాటు. అందుకే ఇందులో ఉన్న అనుభవాలన్నీ నావి, మా ఇంటివి.

ఏఏ మీటింగ్ అంటే ఏంటి? హాస్పిటలా, భజనా?

రెండూ కాదు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒక గదిలో కుర్చీలు వేసుకుని గంటో గంటన్నరో కూర్చుని, ఎవరి సంగతి వాళ్లు చెప్పుకునే చోటు. పూర్తి పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. అనానిమస్ అంటే పేరు బయటపెట్టని మనిషి. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో తాగుడు వల్ల చితికిపోయిన ఇద్దరు కలిశారు. ఒకాయన షేర్ మార్కెట్ మనిషి, ఇంకొకాయన సర్జన్. తమ బాధ ఒకరికొకరు చెప్పుకుంటున్నంతసేపూ తాగకుండా ఉండగలుగుతున్నామని గమనించారు. ఆ డాక్టరు ఆఖరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా జరుపుకుంటారు. మన దేశానికి 1957లో, ఢిల్లీకి వచ్చింది. ఇన్నేళ్లలో ఎన్నో మారాయి గానీ, ఒక తాగుబోతు బాధ ఇంకో తాగుబోతుకే సరిగ్గా అర్థమవుతుందన్న మాట అలాగే ఉంది.

నేను రోజూ తాగను. శని, ఆదివారాలే. నాకు ఇది అవసరమా?

ఎన్ని రోజులకొకసారి తాగుతున్నారు అన్నది ఒక్కటే కొలత కాదు. డాక్టర్లు చాలా ఏళ్లుగా నాలుగు చిన్న ప్రశ్నలు అడుగుతున్నారు. తగ్గించాలని మీకే ఎప్పుడైనా అనిపించిందా? మీ తాగుడు గురించి ఎవరైనా మాట్లాడితే కోపం వచ్చిందా? తాగినందుకు తప్పు చేశానన్న బాధ కలిగిందా? పొద్దున లేవగానే వణుకు తగ్గడానికో, తలనొప్పి పోవడానికో ఒక పెగ్గు వేశారా? రెండింటికి అవునన్నా ఒకసారి డాక్టరుతో మాట్లాడటం మంచిది.

నా వరకు నాలుగో ప్రశ్నే తేల్చేసింది. పొద్దున ఆరింటికి షట్టర్ కింద నుంచి డబ్బులిచ్చి క్వార్టర్ తీసుకునేవాణ్ని. అప్పుడు కూడా "నాకు కావాలనుకున్నప్పుడు మానగలను" అనే చెప్పేవాణ్ని. మాల వేసుకోవడం చూపించి మరీ చెప్పేవాణ్ని.

ఏఏలో చేరడానికి మాత్రం ఎవరూ మీకు పరీక్ష పెట్టరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. ఆ కోరిక సగమే ఉన్నా రావచ్చు.

రేపటి నుంచే ఒక్కసారిగా మానేయొచ్చా?

దయచేసి దీన్ని నిదానంగా చదవండి. రోజూ, ముఖ్యంగా పొద్దున కూడా తాగేవాళ్లు డాక్టరుకు చూపించుకోకుండా ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరం, మెదడు మందుకు తగ్గట్టు సర్దుకుని ఉంటాయి. ఆఖరి పెగ్గు తర్వాత ఆరేడు గంటలు గడిచేసరికే చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండెదడ, నిద్రపట్టకపోవడం మొదలవ్వచ్చు. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. జ్వరం వస్తుంది, తాము ఎక్కడున్నదీ తెలియదు, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఈ దశలో వైద్యం అందకపోతే చనిపోయే ప్రమాదం ఉంది.

నేను మూడోసారి మాల వేసుకున్నప్పుడు రెండో రోజు రాత్రి గోడ మీద చీమలు బారులు తీరి పాకుతున్నట్టు కనిపించాయి. దులుపుకుంటూనే ఉన్నాను. మా అమ్మ గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించింది. పూజలో ఏదో లోపం జరిగిందని ఇంకెవరో అన్నారు. పక్కింటి ఆమె నర్సు. ఆమె వచ్చి చూసి "ఇది గాలి కాదమ్మా, మందు ఆపినందుకు వచ్చింది, పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అంది. ఆమె అనకపోతే ఈ రోజు ఇది రాయడానికి నేను ఉండేవాణ్ని కాదేమో. మా వైపు కార్తీక మాసంలో ఎన్నో ఇళ్లలో ఇలాంటి రాత్రులు గడుస్తాయి. వాటిని దేవుడి కోపమనో, గాలి అనో అనుకోవడం నాకు చాలా బాధనిపిస్తుంది. మాల వేసుకోండి, తప్పులేదు. వేసుకునే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆసుపత్రిలో ఈ వణుకులు, ఫిట్స్ రాకుండా కొన్ని రోజులు మాత్రలు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. బి1 విటమిన్ ఇస్తారు. తాగేవాళ్లలో అది బాగా తగ్గిపోయి ఉంటుంది, మెదడు దెబ్బతినకుండా అది కాపాడుతుంది. ఆ మాత్రలు మెడికల్ షాపులో మీ అంతట మీరు అడిగి కొనుక్కోకండి. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినట్టు మాట్లాడుతున్నా 108కి ఫోన్ చేయండి.

అనంతపురంలో డాక్టరు దగ్గరికి అంటే ఎక్కడికి?

ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీ చీటీ రాయించుకునే చోట "తాగుడు మానడానికి" అని సిగ్గుపడకుండా చెప్పండి, సైకియాట్రీ ఓపీకి పంపిస్తారు. కడపవాళ్లకు రిమ్స్, కర్నూలువాళ్లకు అక్కడి పెద్దాసుపత్రి ఉన్నాయి. హిందూపురం, మడకశిర వైపువాళ్లకు బెంగళూరు దగ్గర కాబట్టి నిమ్హాన్స్‌కి వెళ్లడం అలవాటే. అక్కడ తాగుడు, ఇతర వ్యసనాల కోసం ప్రత్యేక విభాగం ఉంది. పిచ్చి డాక్టరు దగ్గరికి పోతున్నాడని నలుగురూ అంటారేమోనని చాలామంది వెనకాడతారు. వైన్ షాపు ముందు పడి ఉన్నప్పుడు ఆ నలుగురూ ఏమన్నారో గుర్తుచేసుకుంటే నాకు ఆ భయం పోయింది.

మరి మీటింగ్ ఎక్కడ జరుగుతుందో ఎలా తెలుసుకోవాలి?

అడ్రసు ఇక్కడ రాయకపోవడానికి కారణం ఉంది. మీటింగులు స్కూలు గదుల్లో, చర్చి హాళ్లలో, ఎవరైనా ఇచ్చిన గదిలో జరుగుతాయి. గదులు మారతాయి, రోజులు మారతాయి. ఎంతో ధైర్యం చేసుకుని వచ్చిన మనిషికి తాళం వేసిన తలుపు కనిపిస్తే నేరుగా వైన్ షాపుకే పోతాడు. అందుకే వెళ్లే రోజే కనుక్కుని వెళ్లండి.

అన్నిటికంటే తేలికైన దారి ఫోన్. మత్తు పదార్థాలు, మద్యం మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే నంబరు 14446, డబ్బులు పడవు. మీ జిల్లాలో చికిత్స ఎక్కడ దొరుకుతుందో అక్కడ అడగండి. మనసు బాగోలేనప్పుడు రాత్రీ పగలూ ఎప్పుడైనా మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో మొదలైంది. బతకాలని లేదనిపిస్తే వెంటనే ఈ నంబరుకు చేయండి. మీటింగ్ సంగతి తర్వాత.

ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊర్ల వారీగా మీటింగుల వివరాలు, ఫోన్ నంబర్లు పెడతారు. ఆ నంబరు ఎత్తేది ఆఫీసు ఉద్యోగి కాదు, మీలాగే తాగి మానిన మనిషి. మొదట ఏం మాట్లాడాలో తెలియకపోతే "అన్నా, తాగుడు మానాలనుకుంటున్నా, మీటింగ్ ఎప్పుడు?" అంటే చాలు. ఆసుపత్రిలో సైకియాట్రీ డాక్టర్లను, కౌన్సిలర్లను కూడా అడగండి. ఎవరైనా ఏఏ సభ్యుడు అక్కడికి వస్తుంటాడేమో వాళ్లకు తెలిసి ఉంటుంది.

మా ఊళ్లో మీటింగ్ లేదు. కళ్యాణదుర్గం నుంచి ప్రతివారం ఎలా రావాలి?

రాయదుర్గం, గుంతకల్లు, తాడిపత్రి, కదిరి వైపు నుంచి కూడా ఇదే మాట వింటాను. ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయి. ఫోన్‌లో జూమ్ పెట్టుకుని, వీడియో ఆపేసి కూడా కూర్చోవచ్చు. తెలుగులో జరిగే మీటింగ్ కావాలని ఏఏ నంబరులో అడగండి. కన్నడ వచ్చినవాళ్లకు బళ్లారి, బెంగళూరు వైపువి కూడా పనికొస్తాయి. వారానికోసారి బస్సెక్కడం కష్టమైతే నెలకు ఒకసారైనా ఎక్కండి. మిగతా వారాల్లో ఫోన్‌తో నడిపించండి. ఒక మనిషి ఎదురుగా కూర్చుని మీ కళ్లలోకి చూసి "నాకూ ఇలాగే జరిగిందప్పా" అంటే కలిగే ధైర్యం ఫోన్‌లో పూర్తిగా రాదు.

ఇంకో సంగతి. తాగకుండా ఉండటం కోసం ఇద్దరు కలిసి కూర్చున్నా అది ఏఏ గ్రూపే అంటారు. మీ ఊళ్లో మీలాంటివాడు ఇంకొకడు తప్పకుండా ఉంటాడు.

మొదటి రోజు నన్ను ఏం చేస్తారు? మాట్లాడమంటారా?

నేను మొదటిసారి వెళ్లినప్పుడు తలుపు దగ్గరే అరగంట నిలబడ్డాను. లోపలికి వెళ్లాక అందరి ముందూ నిలబెట్టి తిడతారనుకున్నాను. పెళ్లాం, పిల్లల పేరు చెప్పి ఏడిపిస్తారనుకున్నాను. అవేవీ జరగలేదు. ఒక పెద్దాయన టీ గ్లాసు చేతికిచ్చి "కూర్చో నాయనా" అన్నాడు, అంతే.

ఆ రోజు మీటింగ్ నడిపించే మనిషి ముందు ఏఏ అంటే ఏమిటో ఒక చిన్న పాఠం చదువుతాడు. మార్చలేనివాటిని ఒప్పుకునే ప్రశాంతత, మార్చగలిగినవాటిని మార్చే ధైర్యం, ఆ రెంటికీ తేడా తెలుసుకునే తెలివి ఇమ్మని చిన్న ప్రార్థన ఉంటుంది. తర్వాత ఒక్కొక్కరూ తమ సంగతి చెబుతారు. దీన్ని షేరింగ్ అంటాం. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెడతారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, సలహాలివ్వరు, తప్పుపట్టరు. మన ఇళ్లలో, మన పంచాయితీల్లో మాట పూర్తిచేయనిచ్చే అలవాటు తక్కువ. అందుకే మొదటిసారి ఆ నిశ్శబ్దం నాకు వింతగా తోచింది. ఐదు నిమిషాలు ఎవరూ ఆపకుండా మాట్లాడటం అంటే ఏమిటో నలభై ఏళ్లు వచ్చాక తెలిసింది.

మీ వంతు వచ్చినప్పుడు "ఈ రోజు వింటాను" అనొచ్చు. ఎవరూ బలవంతపెట్టరు. నేను మూడు మీటింగులు వినడంతోనే సరిపెట్టాను.

మీటింగ్ అయిపోయాక వెంటనే పారిపోకండి. అసలు సంగతులు బయట టీ దగ్గర జరుగుతాయి. ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోండి. నాకు తాగాలనిపించిన మొదటి రాత్రి నన్ను ఆపింది మీటింగ్‌లో విన్న మాటలు కాదు, పదకొండు గంటలకు ఫోన్ ఎత్తిన మనిషి.

అందులో తెలిసినవాళ్లు కనిపిస్తే? ఊరంతా తెలిసిపోతుంది కదా?

అనంతపురంలో క్లాక్ టవర్ దగ్గర నిలబడితే పదిమందిలో ముగ్గురు తెలిసినవాళ్లే ఉంటారు, నిజమే. కానీ ఆ గదిలో మీకు తెలిసినవాడు ఉన్నాడంటే అతను కూడా మీ కారణంతోనే వచ్చాడు. ఇంటి పేరు చెప్పనక్కర్లేదు. ఉద్యోగం, కులం, ఊరు ఎవరూ అడగరు. ఆధార్, ఫోటో, రిజిస్టర్ లాంటివి ఉండవు.

చుట్టాలు, ఆఫీసువాళ్లు ఇతరుల కోసం వచ్చి చూస్తారేమోనన్న అనుమానం ఉంటే క్లోజ్డ్ మీటింగ్ ఎప్పుడో అడగండి. దానికి తాగుడు సమస్య ఉన్నవాళ్లే వస్తారు. ఓపెన్ మీటింగ్‌కి ఇంట్లోవాళ్లు, స్నేహితులు, ఎవరైనా రావచ్చు.

తాగి ఉన్నా వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. గొడవ చేయకుండా వెనక కూర్చుంటే చాలు. బండి మీద మాత్రం వెళ్లకండి. ఆటోలో వెళ్లండి.

ఎంత ఖర్చవుతుంది?

ఫీజు లేదు. మీటింగ్ చివర ఒక సంచో డబ్బానో తిరుగుతుంది, గది అద్దెకు, టీకి. ఉన్నవాళ్లు పదో ఇరవయ్యో వేస్తారు, లేనివాళ్లు పక్కకు దాటిస్తారు. బయటివాళ్ల దగ్గర విరాళాలు తీసుకోకూడదన్నది ఏఏ నియమాల్లో ఒకటి. ఏఏ పేరు చెప్పి వేలు అడిగారంటే అది ఏఏ కాదు.

దేవుడి గురించి మాట్లాడతారట. నేను ముస్లింను. మా తమ్ముడు దేవుణ్నే నమ్మడు. మాకు కుదురుతుందా?

కుదురుతుంది. తాగుడు మానడానికి ఏఏలో ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు మెట్లు ఉంటాయి. వాటిలో దేవుడి ప్రస్తావన ఉంది, దాచాల్సిన పని లేదు. "మనం అర్థం చేసుకున్న విధంగా" అని ఆ మెట్లలోనే రాసి ఉంది. మీకు అల్లా, పక్కవాళ్లకు యేసు, నాకు అయ్యప్ప. నమ్మకం లేనివాళ్లు ఆ గ్రూపునే తమకంటే పెద్ద బలంగా అనుకుంటారు. చర్చి హాల్లో జరిగితే అది మతం మార్చడానికే అని మొదట్లో నేనూ అనుమానపడ్డాను. గది ఇచ్చినవాళ్లు గదే ఇచ్చారు.

ఆడవాళ్లు వెళ్లొచ్చా?

తప్పకుండా. తాగుడు మగవాళ్ల సమస్యే అనుకునే మన వైపు, తాగుతున్న ఆడమనిషి రెండు రెట్లు దాక్కోవాల్సి వస్తోంది. మన జిల్లాల్లో మీటింగుల్లో ఆడవాళ్లు తక్కువ. అందరూ మగవాళ్లే ఉన్న గదిలోకి ఒంటరిగా అడుగుపెట్టడం కష్టమే. ఏఏ నంబరుకు ఫోన్ చేసినప్పుడు ఒక మహిళా సభ్యురాలితో మాట్లాడించమనండి, వేరే జిల్లాలో ఉన్నా పర్వాలేదు. ఆడవాళ్లకే ప్రత్యేకంగా ఆన్‌లైన్ మీటింగులు ఉన్నాయా అని కూడా అడగండి. గర్భంతో ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టరుకు చెప్పాలి.

మా ఆయన రానంటున్నాడు. నేనేం చేయాలి?

అక్కా, నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఆయన రాకపోయినా మీరు వెళ్లగలిగే చోటు ఉంది. తాగేవాళ్ల భార్యలు, తల్లిదండ్రులు, పిల్లల కోసం ఆల్-ఆనాన్ అనే వేరే సంఘం 1951లో మొదలైంది. మనకు దగ్గరలో గ్రూపు లేకపోతే ఆన్‌లైన్‌లో చూడండి. అక్కడ ఆయన్ని మాన్పించే కిటుకు చెప్పరు. ఆయన తాగుడుకు కారణం మీరు కాదని, దాన్ని అదుపు చేయడం మీ చేతిలో లేదని, మీ బతుకు మీరు నిలబెట్టుకోవచ్చని చెబుతారు. మా ఆవిడ పదకొండేళ్లు నా బాటిళ్లు దాచింది, నా అప్పులు కట్టింది, నేను పనికి పోని రోజున జ్వరమని ఫోన్ చేసి చెప్పింది. ప్రేమతోనే చేసింది. వాటి వల్ల నా తాగుడు ఇంకా సులువైంది. ఆమె ఫోన్ చేయడం ఆపేసిన నెలకే నేను ఆసుపత్రికి వెళ్లాను. అందరి ఇంట్లో అలాగే జరుగుతుందని చెప్పను.

ఆయన మత్తులో ఉన్నప్పుడు వాదించకండి. పొద్దున, మత్తు దిగాక, రెండు మాటల్లో చెప్పండి. కొడుతుంటే మాత్రం ఓపిక పట్టకండి. 181 మహిళల హెల్ప్‌లైన్, 112 పోలీసు. తాగుడు జబ్బే కావచ్చు, కొట్టడానికి అది అనుమతి కాదు.

తెలియకుండా అన్నంలో కలిపే మందు ఉందట. ఇవ్వొచ్చా?

వద్దు. గోడల మీద "తాగుడు మాన్పిస్తాం, తెలియకుండా ఇవ్వొచ్చు" అని రాసి ఉండటం చూస్తుంటాం. తాగితే శరీరం తట్టుకోలేకుండా చేసే డైసల్ఫిరామ్ అనే మాత్ర నిజంగానే ఉంది. అది వాడుతూ తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. అందుకే డాక్టర్లు మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తారు. తెలియకుండా ఇస్తే అతను ఆ రాత్రి ఎప్పటిలాగే తాగుతాడు. ఏమవుతుందో మీరే ఆలోచించండి. పొడుల్లో ఏముందో అమ్మేవాడికే తెలియదు, అప్పటికే దెబ్బతిన్న లివరు మీద అది ఇంకో దెబ్బ.

కట్టేసైనా సెంటర్‌లో చేర్పిస్తే?

నన్ను ఒకసారి అలా చేర్పించారు. ఆ సెంటర్ పేరు రాయను. రాత్రి జీపులో ఎత్తుకెళ్లారు, కాలికి గొలుసు వేశారు, గుండు కొట్టించారు. రెండు నెలల తర్వాత బయటికి వచ్చిన రోజే తాగాను, కసితో.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుకు సంబంధించిన మానసిక స్థితులకు కూడా వర్తిస్తుంది. మనిషిని గొలుసులతో కట్టడాన్ని అది నిషేధించింది. ఇష్టం లేకుండా చేర్పించడానికి డాక్టర్ల పరీక్షతో కూడిన పద్ధతి ఉంది. సెంటర్‌లో చేర్పించే ముందు రిజిస్ట్రేషన్ చూపించమనండి, డాక్టరు రోజూ వస్తారా అడగండి, ఇంట్లోవాళ్లు కలవొచ్చా అడగండి. కలవనివ్వం అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మంచి సెంటర్లు ఉన్నాయి. ఏఏ మాత్రం ఎవర్నీ బలవంతంగా తీసుకురాదు, ఏ సెంటర్‌నూ నడపదు.

డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతూ మీటింగ్‌కి రావచ్చా?

రావచ్చు, వాడాలి కూడా. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలు ఉన్నాయి. డిప్రెషన్‌కి, నిద్రకు వేరే మాత్రలు ఇస్తారు. "మాత్రలు వేసుకుంటే అది మానినట్టు కాదు" అని ఎవరైనా సభ్యుడు అంటే అది ఆయన సొంత మాట. ఏఏ వైద్యం చేయదు, వైద్యం మానమని చెప్పదు. మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

షాపులే మూసేస్తే ఈ బాధ ఉండదు కదా?

1995 జనవరిలో రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టారు. 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్లూ మా నాన్న రాయదుర్గం నుంచి బస్సెక్కి బళ్లారి పోయి తాగొచ్చేవాడు. టికెట్ డబ్బులు కూడా తోడయ్యాయి. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాయి, 99 రూపాయలకు క్వార్టర్ వచ్చింది. షాపులు తగ్గాలని, బెల్టు షాపులు పోవాలని నేనూ గట్టిగా కోరుకుంటాను. నిషేధం కోసం రోడ్డెక్కిన మన ఆడవాళ్లంటే నాకు గౌరవం. కానీ వ్యసనం ముదిరిన మనిషికి షాపు మూస్తే వైద్యం, తోడు కూడా అదే రోజు అందాలి. లేకపోతే అతను బళ్లారి పోతాడు, కాకపోతే శానిటైజర్ తాగుతాడు.

పెళ్లిళ్లు, దావత్‌లు, జాతరలు వస్తే ఎలా?

మొదటి మూడు నెలలు వెళ్లకండి. చుట్టాలు అలుగుతారు, అలగనివ్వండి. తప్పనిసరైతే భోజనాల వేళకు వెళ్లి, తిని, వచ్చేయండి. ముందే కడుపు నింపుకుని వెళ్లడం ఇంకా మంచిది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా కాలు షాపు వైపు లాగుతుందని మీటింగుల్లో చెబుతుంటారు. నాకు ఆకలే పెద్ద శత్రువు అయింది. సాయంత్రం ఐదున్నరకు ఉగ్గాని తినేస్తే ఆరింటి కోరిక సగం చచ్చిపోయేది. "ఒక్క పెగ్గేనప్పా, ఏం కాదు" అనేవాడికి కారణాలు చెప్పకండి. "డాక్టరు వద్దన్నాడు" చాలు. చేతిలో మజ్జిగ గ్లాసు ఉంచుకోండి, ఖాళీ చెయ్యి కనిపిస్తే ఎవరో ఒకరు నింపుతారు.

మళ్లీ తాగేశాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి?

అదే ముఖంతో. వెళ్లి "మళ్లీ తాగాను" అని చెప్పండి. నేను ఏడు నెలల తర్వాత ఒకసారి తాగాను, మూడు వారాలు మీటింగ్‌కి మొహం చాటేశాను. ఆ మూడు వారాలే అన్నిటికంటే నష్టం చేశాయి. ఏఏలో "ఈ 24 గంటలు" అంటారు. జీవితాంతం తాగనని ఒట్టు వేయమనరు, ఈ రోజు పడుకునేదాకా తాగకుండా ఉండమంటారు. మా వైపు మంత్రాలయంలో ఒట్టు, పిల్లల తల మీద ఒట్టు వేయించడం అలవాటు. ఆ ఒట్టు తప్పిన మనిషి ఇంక పోయేదేముందని ఇంకా తాగుతాడు. 24 గంటల లెక్కలో మరుసటి పొద్దున మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. రోజూ తాగే స్థాయికి మళ్లీ చేరితే మాత్రం, ఈసారి కూడా ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు దగ్గరికే ముందు వెళ్లండి.

రెండు మీటింగులకు వెళ్లాను, నచ్చలేదు. అందరూ పెద్దవాళ్లు, వాళ్లలా నేను పాడైపోలేదు.

కనీసం ఆరు మీటింగులు చూడండి, వీలైతే వేర్వేరు గ్రూపులవి. ఒక్కో గ్రూపుకు ఒక్కో తీరు ఉంటుంది. వాళ్లకూ మీకూ ఉన్న తేడాలు కాకుండా పోలికలు వెతకమని నాకు మొదట్లో ఒకాయన చెప్పాడు. అది పనిచేసింది. అప్పటికీ కుదరకపోతే ఏఏ ఒక్కటే దారి కాదు. ఆసుపత్రి కౌన్సిలింగ్‌తో మానినవాళ్లున్నారు, మాత్రలతో మానినవాళ్లున్నారు. ఒంటరిగా మాత్రం ప్రయత్నించకండి.

ఎన్నాళ్లు వెళ్లాలి?

మొదట్లో 90 రోజుల్లో 90 మీటింగులు అంటారు. మన దగ్గర రోజూ మీటింగ్ ఉండదు కాబట్టి ఆన్‌లైన్‌వి కలుపుకుని ఎన్ని కుదిరితే అన్ని. కొన్నాళ్లయ్యాక ఒక పాత సభ్యుణ్ని స్పాన్సర్‌గా అడగండి. మెట్లు ఎక్కించేది, అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది ఆయనే. మగవాళ్లకు మగ స్పాన్సర్, ఆడవాళ్లకు ఆడ స్పాన్సర్ ఉండటం మంచిది. నేను ఇప్పటికీ వారానికి ఒకటి తప్పను. మానేసిన తేదీ వచ్చినప్పుడు గ్రూపులో దాన్ని బర్త్‌డే అంటారు. మా అబ్బాయి ఒక్క ఏడాది కూడా రాకుండా లేడు.

మొదటిసారి ఒంటరిగా వెళ్లలేను. ఎవరైనా తోడు వస్తారా?

వస్తారు. ఫోన్‌లో ఆ మాటే చెప్పండి. నాకోసం ఒకాయన ఆర్టీసీ బస్టాండు బయట, టీ కొట్టు దగ్గర, నీలం చొక్కాలో నిలబడతానన్నాడు. నేను గంట ఆలస్యంగా వెళ్లాను, వెళ్లకూడదని రెండు సార్లు వెనక్కి తిరిగాను కూడా. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు.